జ్వర రోగుల్లో పోషకాహార లోపాన్ని ఎలా గుర్తించాలి?

నెల్లూరు జిల్లా కావలి ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. డెంగీ వంటి వైరల్ జ్వరాలతో చేరేవారిని మొదటి 24 గంటల్లోనే 'మస్ట్' పద్ధతిలో (ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐ, ఇటీవల తగ్గిన బరువు వంటి వాటిని బట్టి పోషకాహార లోపపు ముప్పును అంచనా వేసే పద్ధతి) పరీక్షించాలని ప్రయత్నిస్తున్నాను గానీ, లేచి నిలబడలేని వారి బరువు తూచడం కుదరదు. తూచగలిగినా, ఒంట్లో చేరిన నీరు, ఎక్కించిన సెలైన్ కలిసి అసలు తగ్గిన బరువును కప్పేస్తాయి. దండచేయి చుట్టుకొలత 23.5 సెంటీమీటర్ల లోపు ఉంటే బీఎంఐ 20 కంటే తక్కువ ఉండవచ్చని అంచనా వేస్తారు. అయితే మా దగ్గరకు వచ్చే రొయ్యల చెరువుల కూలీల్లో మొదటినుంచీ సన్నగా ఉండేవారే ఎక్కువ కనుక, ఆ ఒక్క కొలతనే నమ్మడం నాకు సబబుగా తోచడం లేదు. అన్నం సయించక ఎన్నాళ్లయిందని అడిగితే, గంజితో సరిపెట్టుకున్న రోజులను కూడా తిన్నట్టే చెబుతారు. ఇలాంటి వార్డుల్లో పనిచేసినవారు బరువుకు బదులు దేనిని ఆధారం చేసుకున్నారో, పరీక్షను ఎన్ని రోజులకు తిరిగి చేశారో దయచేసి తెలియజేయగలరా?