1952 నాటి మద్రాసు తెలుగింటి అమ్మాయికి ఏ పేరు నప్పుతుంది?

చెన్నైలో ఉంటూ నా మొదటి నవల రాస్తున్నాను. పేర్ల దగ్గరే ఆగిపోయాను, సాయం చేయండి.

కథ 1952 డిసెంబరులో మొదలవుతుంది. మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో ఉన్న రోజులవి. నాయిక వాళ్లది జార్జిటౌన్, తండ్రి మింట్ వీధిలో ఒక కాగితాల కొట్లో గుమాస్తా. నెల్లూరు వైపు నుంచి తాతల నాడే వచ్చారు. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు.

మొదట స్వాతి అని పెట్టాను. చదివి వినిపిస్తే అమ్మమ్మ మధ్యలోనే ఆపేసింది. "స్వాతి ఏంటే! మా రోజుల్లో ఏ ఇంట్లో విన్నాం ఆ పేరు?" నిజమే. నాయనమ్మ పేరు పెట్టే ఆనవాయితీ ప్రకారం బడి రిజిస్టర్లో వెంకట సుబ్బమ్మ, ఇంట్లో వేరే ముద్దు పేరు ఉంటే బాగుంటుందనిపిస్తోంది. ఆ ముద్దు పేరే తట్టడం లేదు.

ఇంకో టెన్షన్ ఇంటిపేరు. ఇక్కడ మా ఇంట్లో అది ఎప్పుడో పోయింది, నాన్న పేరులోని మొదటి అక్షరమే నాకు ఇనీషియల్. ఆ కాలంలో మద్రాసు తెలుగువాళ్లు ఇంటిపేరు రాసుకునేవారా? మీ ఇళ్లలో అప్పటి శుభలేఖలుంటే, ఆడపిల్లల పేర్లు ఎలా అచ్చేశారో కాస్త చూసి చెప్పండి.