కాలిఫోర్నియాకు మారితే వాషింగ్టన్ నాన్‌కంపీట్ వదులుతుందా?

వాషింగ్టన్ రాష్ట్రంలో పనిచేసే క్లౌడ్ వైస్ ప్రెసిడెంట్‌కు 12 నెలల నాన్‌కంపీట్ (ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే ఒప్పందం) ఉంది. అక్కడి 2020 చట్టం 18 నెలలు దాటిన గడువునే అనుమానిస్తుంది, కాబట్టి గడువు మీద వాదనకు పస లేదు. చేరబోయేది కాలిఫోర్నియా కంపెనీలో. 2024 నుంచి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందం ఎక్కడ సంతకం చేసినా చెల్లదు. చిక్కల్లా, పాత కంపెనీ ముందే వాషింగ్టన్ కోర్టుకెక్కితే! 2005లో తన ఉన్నతాధికారి కై-ఫు లీ గూగుల్‌కు మారినప్పుడు మైక్రోసాఫ్ట్ అదే చేసింది. జడ్జి నియామకాల పని చేయనిచ్చి, సెర్చ్, స్పీచ్ పనులు ఆపారు.

రాజీనామా రోజే కాలిఫోర్నియాలో దావా వేస్తే వాషింగ్టన్ జడ్జి ఆగుతారా? ఆఫర్ లెటర్‌లో ఏడాదిపాటు క్లౌడ్ ధరలు, కస్టమర్ల పని మినహాయిస్తే ఇంజంక్షన్ (ఆ పని చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) తప్పుతుందా, లేక అదే పోటీని ఒప్పుకున్నట్టు అవుతుందా? 2024 తర్వాతి తీర్పులు చూసినవాళ్లు చెప్పగలరు.