కావలి దగ్గర ఇంటి శ్లాబు మీద ఏ పొర వేయాలి, పిట్టగోడ ఎంత ఎత్తు కట్టాలి?

ప్రశ్న: కావలి గృహస్థు

అనుభవజ్ఞులందరికీ నమస్కారం. కావలికి తూర్పున, సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరిలో అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టిస్తున్నాను. 38 అడుగుల పొడవు, 29 అడుగుల వెడల్పు గల ఐదంగుళాల శ్లాబు ఫిబ్రవరిలో పోశాము. పై అంతస్తు వేసే ఆలోచన లేదు. శ్లాబు మీద ఇంకా ఏమీ వేయలేదు, పిట్టగోడ కూడా మొదలుపెట్టలేదు.

మేము ఇప్పుడు టౌనులో ఉంటున్న ఇంట్లో రెండు బాధలు పడ్డాము. వేసవిలో రాత్రి పదకొండు దాటినా పైకప్పు చల్లబడదు, ఫ్యాను వేస్తే వేడిగాలి మీద పడుతుంది. పిట్టగోడ అడుగున చుట్టూ అడ్డంగా పగులు వచ్చి, ప్రతి కార్తీకమాసం వానలకు పడకగది గోడ చెమ్మగిల్లుతుంది. రెండుసార్లు సిమెంటు పూయించినా ఆ పగులు మళ్లీ అదే చోట తెరుచుకుంది. కొత్త ఇంట్లో పెద్దవాళ్లకు ఈ రెండూ ఉండకూడదని నా పట్టుదల.

శ్లాబు మీద రెండంగుళాల సిమెంటు గచ్చు చేసి, చుట్టూ నాలుగున్నర అడుగుల గోడ లేపితే ఆ నీడకు మిద్దె చల్లగా ఉంటుందని మా మేస్త్రీ అంటున్నారు. నాటు పెంకుల ఇంట్లో పెరిగిన మా నాన్నగారు పెంకులే మేలంటారు. వెనుక వైపు వంటకు 10 అడుగుల వసారా కూడా దించాలి. దానికి రేకులా, పెంకులా అన్నది తేలలేదు. దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు, ఒంగోలు

మీరు రెండు బాధలని రాశారు గానీ వాటికి మూలం ఒక్కటే. శ్లాబు కాగడం వల్లనే గది ఉడుకుతుంది, శ్లాబు కాగడం వల్లనే పిట్టగోడ పగులుతుంది.

ఏ కప్పూ లేని కాంక్రీటు ఉపరితలం నడివేసవి మధ్యాహ్నం 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడి ఐదంగుళాల మందం దాటి లోపలి వైపుకు చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది కనుక, బయట పొద్దు వాలి సముద్రపు గాలి తిరిగే వేళకు మీ గదిలో పైకప్పు కాలడం మొదలవుతుంది. మీరు చెప్పిన రాత్రి పదకొండు గంటల ఉక్క అదే. ఇక పగలూ రాత్రీ మధ్య శ్లాబు వేడిలో 30 డిగ్రీల తేడా వచ్చిందనుకుంటే, 38 అడుగుల పొడవు మీద కాంక్రీటు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. దాని మీద కూర్చున్న ఇటుక గోడ అందులో సగమే సాగుతుంది. రోజుకొకసారి చొప్పున ఏళ్ల తరబడి ఈ పెనుగులాట జరిగితే, రెండూ కలిసే చోట అడ్డంగా విడిపోక తప్పదు. పూత పూస్తే ఆ కదలిక ఆగదు కాబట్టే మీ పాత ఇంటి పగులు మళ్లీ తెరుచుకుంది.

అందుచేత ముందు శ్లాబును ఎండ నుంచి కాపాడాలి, ఆ పొర శ్లాబుకు పైవైపునే ఉండాలి. లోపల ఫాల్స్ సీలింగ్ వేస్తే గదికి కొంత ఉపశమనం కలుగుతుంది గానీ శ్లాబు కాగడం, సాగడం యథాతథంగా ఉంటాయి. మీ మేస్త్రీ గారు చెప్పిన రెండంగుళాల సిమెంటు గచ్చు కూడా దాదాపు కాంక్రీటు లాగే వేడిని లోపలికి పంపుతుంది.

మన పెద్దలు వేసిన ఇటుక జల్లి, సున్నపు కాంక్రీటు ఇంతకంటే మేలైనది. అయితే మూడంగుళాల మందానికి చదరపు మీటరుకు దాదాపు 140 కిలోల బరువు పడుతుంది. మీ శ్లాబును ఆ బరువుకు లెక్కగట్టి పోశారో లేదో మీ ఇంజనీరును తప్పక అడగండి. దిమ్మిస కొట్టి, రోజుల తరబడి తడుపుతూ చేసే ఆ పని తెలిసిన మనుషులు కూడా ఇప్పుడు తగ్గిపోయారు. ఇళ్ల కోసం 2018లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత, పైకప్పు గుండా వేడి ప్రసారం చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు మించరాదని హద్దు పెట్టింది. వట్టి శ్లాబుకు అది 3 దాటుతుంది, ఇటుక జల్లి వేసినా హద్దు లోపలికి రాదు. థర్మోకోల్ లాంటిదే అయినా గట్టిగా ఉండే ఎక్స్‌పీఎస్ ఫోమ్ పలకలు రెండంగుళాల మందాన పరిస్తే ఆ హద్దులో సగానికంటే కిందికి, అంటే 0.5 దగ్గరకు దిగుతుంది. వేడిని ఆపడంలో ఆ రెండంగుళాల పలక ఎనిమిది అడుగుల కాంక్రీటుకు సాటి, బరువు మాత్రం దాదాపు శూన్యం.

నేనైతే ఈ వరుసలో చేయిస్తాను. ముందు నీళ్ల గొట్టాల వైపు నూటికి ఒకటి చొప్పున వాటం (వాలు) పెట్టించి, దాని మీద నీరు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించి, రెండు రోజులు మడులు కట్టి నీళ్లు నిలిపి చూస్తాను. ఎక్కడా చెమ్మ లేదని తేలిన తరువాత ఫోమ్ పలకలు, వాటిపైన మెష్ వేసిన పలుచని కాంక్రీటు, చివరగా తెల్లని గరుకు టైల్స్ వేయిస్తాను. నునుపు టైల్స్ వానలో జారతాయి, పెద్దవాళ్లున్న ఇంటికి వద్దు. చీమకుర్తి నల్లరాయి ముక్కలు, మార్కాపురం పలకలు చవకగా దొరికాయని మిద్దె మీద పరిచేవారు మా వైపు ఉన్నారు. నలుపు ఎండనంతా తాగుతుంది, ఆ పని చేయకండి.

గోడ నీడ సంగతి. మన ప్రాంతంలో ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ నడుమ రోజుల్లో కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం నాలుగున్నర అడుగుల పిట్టగోడ నీడ అర అడుగుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. నీడ అవసరమైన వేళకు నీడ ఇవ్వని ఆ గోడ, సాయంత్రం గాలిని మాత్రం అడ్డుకుంటుంది.

సమాధానం: మార్కాపురం వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు

మీ నాన్నగారి మాటలో నిజముంది. పెంకు పలుచన, త్వరగా కాగినా పొద్దు వాలగానే చల్లారుతుంది. సందుల గుండా వేడిగాలి పైకి పోతుంది. మా వైపు పెంకుల కంటే మట్టి మిద్దెలు ఎక్కువ. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు మా ప్రాంతం కర్నూలు జిల్లాలోనిది, ఇళ్లు కూడా ఆ తీరునే ఉండేవి. దూలాల మీద బండలు లేదా చిల్లపెడలు (చిన్న కర్రముక్కలు) పరిచి, పైన మందంగా మట్టి, దాని మీద చౌడు వేసేవారు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పరచడం నా చిన్నతనంలో ఇంటిల్లిపాదీ చేసిన పని. ఆ మందపు మట్టి వల్ల పడమటి గాలి కొట్టే రోజుల్లో కూడా లోపల హాయిగా ఉండేది.

అయితే వాన తక్కువ కాబట్టే మాకది చెల్లింది. ఈశాన్య రుతుపవనాలకు రోజుల తరబడి తడిసే మీ తీరంలో మట్టి మిద్దె నిలవదు, అందుకే అక్కడ వాలుగా పెంకులూ తాటాకులూ వచ్చాయి. ఎక్కడి కప్పు అక్కడి వానను బట్టే పుట్టింది కనుక, మీరు ఎండతో పాటు నవంబరును కూడా మనసులో పెట్టుకుని ఎంచుకోవాలి. వసారాకు పెంకులు వేసి నాన్నగారి కోరిక తీర్చవచ్చునని నా అభిప్రాయం.

సమాధానం: గృహిణి, సింగరాయకొండ

ఇంజనీరు గారు చెప్పిన పొరలకు ఈ ఏడు డబ్బు సరిపోకపోతే, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, పైన తెల్లసున్నం వేసి ఈ వేసవి గడపండి. మేము మూడేళ్లుగా మార్చి నెలలో వేస్తున్నాము. రాతి సున్నాన్ని ముందు రోజే ఇనుప డ్రమ్ములో తడిపి, మరునాడు పలుచని గుడ్డలో వడకట్టి, నానబెట్టిన తుమ్మబంక కలిపి, శ్లాబును బాగా కడిగిన తరువాత రెండు పూతలు వేస్తాము. ప్లాస్టిక్ బకెట్టులో తడపకూడదు, సున్నం ఉడికే వేడికి అది కరుగుతుంది. కళ్లలో పడకుండా అద్దాలు పెట్టుకోండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. నీలిమందు మాత్రం కలపవద్దు. గోడకు అందం గానీ మిద్దెకు తెలుపే మందు.

వానలకు చాలావరకు కొట్టుకుపోతుంది, దుమ్ము పడితే గుణం తగ్గుతుంది. అయినా మొదటి ఏడు పూత వేసిన రాత్రుల్లో తేడా స్పష్టంగా తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. మన జిల్లాల్లో కూడా రేకుల ఇళ్లలో ఉండేవారి కోసం అలాంటిది రావాలని నేను నిజంగా కోరుకుంటున్నాను. మధ్యాహ్నం పూట ఆ రేకుల కింద పసిపిల్లలను పడుకోబెట్టలేక తల్లులు చెట్ల కిందకు చేరడం మా వీధిలోనే చూస్తున్నాను.

మళ్లీ అడిగినవారు: కావలి గృహస్థు

అందరికీ కృతజ్ఞతలు. గోడ నీడ లెక్క చదివి మా మేస్త్రీ గారు కూడా ఒప్పుకున్నారు. ఇంకొక్క సందేహం. మా అమ్మ మిద్దె మీద వడియాలు, మిరపకాయలు ఎండబెడుతుంది, ఎండాకాలం రాత్రుళ్లు అందరం అక్కడే పడుకుంటాము. గోడ తగ్గిస్తే పిల్లలకు ప్రమాదం కదా? జాలీ పెట్టిస్తే తుఫాను గాలికి నిలుస్తుందా?

సమాధానం: తాపీ మేస్త్రీ, నెల్లూరు

అయ్యా, ఇరవయ్యారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పిట్టగోడ మీటరుకు తగ్గకుండా, 1.2 మీటర్లకు మించకుండా ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. ఆ ఎత్తును గచ్చు, టైల్స్ అన్నీ వేసిన తరువాతి మట్టం నుంచి కొలవాలి. ఇప్పుడు శ్లాబు మీద నుంచి కొలిచి మూడుంపావు అడుగులు కడితే, మీ ఫోమూ కాంక్రీటూ టైల్సూ కలిసి అర అడుగు దాకా మింగేస్తాయి, పిల్లలకు ప్రమాదం అక్కడే వస్తుంది. అందుకని శ్లాబు నుంచి నాలుగడుగులు లేపండి.

కింద ఒకటిన్నర అడుగు నిండు గోడ కట్టి, పైన జాలీ పెట్టి, దాని మీద కాంక్రీటు పట్టీ పోయండి. తూర్పు, ఆగ్నేయం వైపు జాలీ ఉంటే సాయంత్రపు గాలి పడుకున్నవారికి తగులుతుంది. రంధ్రం నాలుగంగుళాలకు మించకూడదు, పసిపిల్లల తల దూరకూడదు. కాలు పెట్టి ఎక్కడానికి వీలయ్యే అడ్డ చువ్వల నమూనాలు ఎంత అందంగా ఉన్నా వద్దు. మన తీరం గాలి లెక్కల్లో సెకనుకు 50 మీటర్ల వేగం, అంటే గంటకు 180 కిలోమీటర్లు తీసుకునే ప్రాంతం. నాలుగున్నర అంగుళాల గోడ ఒంటరిగా ఆ గాలికి నిలవదు. ప్రతి ఎనిమిది, పది అడుగులకు ఒక చిన్న స్తంభం ఉండాలి, దాని కడ్డీలు శ్లాబులో నాటుకుని ఉండాలి, పైపట్టీతో అన్నీ ముడిపడాలి. శ్లాబు పోసేటప్పుడు కడ్డీలు వదలకపోయి ఉంటే, ఇంజనీరు గారిని అడిగి రంధ్రాలు తొలిచి రసాయనపు జిగురుతో నాటించండి. గోడ పొడవులో 20 అడుగులకొక చోట నిలువునా సందు వదిలి సాగే సీలెంటుతో నింపితే, పగులు తన ఇష్టం వచ్చిన చోట రాదు.

పైపట్టీ లోపలి వైపుకు వాలి ఉండాలి, బయటి అంచు అడుగున చిన్న గాడి తీయాలి. లేకపోతే వాన నీరు గోడ వెంట కారి నల్లటి చారలు పడతాయి. వాటర్‌ప్రూఫింగ్ పూత గోడ మొదట్లో ఆగిపోకూడదు. మూలను గుండ్రంగా తిప్పి గోడ మీదికి అడుగు ఎత్తు వరకు ఎక్కించాలి. మీ పాత ఇంట్లో చెమ్మ దిగింది ఆ సందులోనే అయి ఉంటుంది.

నేను మరీ మరీ చెప్పేది నీళ్ల గొట్టాల గురించి. గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడినా నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 85 చదరపు మీటర్ల మిద్దె నీటిని దించగలదు. మీ మిద్దె 102 చదరపు మీటర్లు కాబట్టి రెండు చాలు, అయినా మూడు పెట్టండి, ఎందుకంటే తుఫాను రోజున వేపాకులు ఒకదాన్ని మూసేస్తాయి. వాటికి తోడు, వాటం తగ్గు వైపు గోడలో గచ్చుకు మూడంగుళాల పైన, ఎక్కువైన నీరు బయటికి పోయేలా రెండు పొర్లు తూములు వదలండి. అన్నీ మూసుకుపోయి చుట్టూ గోడ ఉంటే మిద్దె చెరువవుతుంది. అర అడుగు నీరు నిలిస్తే 15 టన్నుల బరువు. 2021 నవంబరు వానల్లో మిద్దె మీద మోకాటి దిగువ దాకా నీరు నిలిచిన ఇంటికి గునపం పట్టుకుని వెళ్లి గోడకు రంధ్రం కొట్టినవాణ్ణి నేను.

వసారా సంగతికి వస్తే, ఉప్పుగాలికి మామూలు జింకు రేకు త్వరగా తుప్పు పడుతుంది. సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉన్నవి కోసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరం, కాబట్టి వంట చోట వాటిని పెట్టకండి. పెంకులే వేయండి. 30 డిగ్రీల వాలు ఉంచి, చూరు దగ్గరి రెండు వరుసలను, పక్క అంచులను తుప్పుపట్టని తీగతో రీపర్లకు (పెంకుల కింది చెక్క పట్టీలకు) కట్టించండి. గాలి ముందు అంచునే లేపుతుంది, అది నిలిస్తే మిగతావి నిలుస్తాయి.

అడిగినవారి ముగింపు: కావలి గృహస్థు

మా ఇంజనీరును ఈ ఉదయం కలిశాను. ఇటుక జల్లి బరువుకు శ్లాబు లెక్క చాలదని చెప్పారు కనుక ఫోమ్ పలకలకే నిర్ణయించాము. టైల్స్ వచ్చే ఏడు వేయిస్తాము, ఈ వేసవికి పలుచని కాంక్రీటు మీద సున్నం పూత. స్తంభాలకు కడ్డీలు మూలల్లో మాత్రమే వదిలి ఉన్నాయి, మిగతా పది చోట్ల తొలిచి నాటాలి. వసారాకు పెంకులని చెప్పగానే నాన్నగారు పాత ఇంటి పెంకుల్లో పగలనివి ఏరడం మొదలుపెట్టారు. వాటం పని సోమవారం మొదలవుతుంది. నీళ్లు నిలిపి చూసిన తరువాత ఎక్కడ చెమ్మ కనిపించిందో, కనిపించలేదో ఇక్కడే రాస్తాను.