వల గూడు లోంచి పిల్లి తప్పించుకుంది, ఎక్కడని వెతకాలి? (తిరుపతి)

కపిలతీర్థం రోడ్డు నుంచి:
ఇంటి పక్క సందులో పిల్లి కోసం నైలాన్ వలతో గూడు కట్టించాం. నిన్న పొద్దున కోతుల గుంపు దిగి వల మూల లాగి చించేసింది. మా చుక్క అందులోంచే పోయింది, బైండింగ్ వైరు కొసకు దాని బొచ్చు చిక్కుకొని ఉంది. బూడిద రంగు ఆడపిల్లి, నుదుట తెల్లమచ్చ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఇంతవరకు వీధి మొహం ఎరగదు. అలిపిరి దాకా బండి మీద తిరిగి పేరు పెట్టి పిలిచాం, ఒక్క అరుపు లేదు. పైగా ఈ కొండ పక్క చిరుతల భయం ఒకటి. మా పాప అన్నం ముట్టట్లేదు. ఏం చేయమంటారు?

కొర్లగుంట నుంచి:
అక్కా, ముందు ఆ బండి పక్కన పెట్టండి. ఇంట్లో పెరిగిన పిల్లి బెదిరితే దూరం పోదు, దొరికిన మొదటి సందులో దూరి నోరు మూసుకుంటుంది. మీ గొంతు గుర్తుపట్టినా పలకదు. పిలిస్తే రాలేదని ఆ చోటు వదిలేసి పోవద్దు. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో తప్పిపోయిన పిల్లుల గురించి 1,210 మందిని అడిగారు. దొరికినవాటిలో నాలుగింట మూడు వంతులు తప్పించుకున్న చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. గడప దాటని పిల్లులైతే ఇంకా దగ్గర్లోనే.

ఇంకో మాట, వల చిరుగు ఇప్పుడే కుట్టించొద్దు. రాత్రిపూట తనంతట తను వస్తే దానికి తెలిసిన దారి అదొక్కటే. లోపల అది పడుకునే గుడ్డ వేసి, నీళ్ళు పెట్టండి. తిండి మాత్రం చీకటి పడ్డాకే పెట్టి తెల్లారేలోపు తీసేయండి, లేకపోతే అదే కోతులు మళ్ళీ దిగుతాయి.

పక్కింటివాళ్ళని "మా పిల్లి కనపడిందా" అంటే "లేదమ్మా" అనేసి తలుపేసుకుంటారు. "మీ మెట్ల కింద నేనే ఒకసారి చూసుకుంటా" అని అడగండి. మోటారు గది, ఏసీ బయటి యూనిట్ వెనక, నీళ్ళ ట్యాంకు దిమ్మె కింద, కారు బానెట్ లోపల, ఎవరైనా తాళం వేసి ఊరెళ్ళుంటే వాళ్ళ స్టోరు గది. వంగి, మోకాళ్ళ మీద కూర్చొని చూడాలి, నిలబడి చూస్తే ఏదీ కనపడదు.

టార్చి నడుము దగ్గర కాదు, చెంపకు ఆనించి కంటి ఎత్తులో పట్టుకోండి. పిల్లి కంటి లోపలి పొర వెలుగును వచ్చిన దారినే వెనక్కి కొడుతుంది, అప్పుడే ఆ రెండు మెరుపులు మీ కంట పడతాయి. మన ఊళ్ళో కొండకెళ్ళే జీపుల రొద అర్ధరాత్రి దాటితే గాని సద్దుమణగదు కాబట్టి ఆ వేళకే వెళ్ళండి. ఒంటరిగా వద్దు, వీధి కుక్కలు ఊరుకోవు.

తిరుచానూరు నుంచి:
ఆ కుక్కలే అసలు ముప్పు, చిరుతల సంగతి తర్వాత. పాలబ్బాయికి, చెత్త బండి వాళ్ళకి ఫోటో చూపించండి. వీధి వీధీ తిరిగేది వాళ్ళే. వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ఒక గుర్తు దాచుకోండి. దొరికిందంటూ ముందే డబ్బులడిగేవాళ్ళు తగిలితే ఆ గుర్తు చెప్పమనొచ్చు. దాని ఇసుక ట్రే బయట పెట్టమని చాలామంది చెప్తారు, నేనైతే పెట్టను. ఆ వాసనకి పేటలోని మగపిల్లులు వచ్చి తిష్ట వేస్తే మీది బయటికే రాదు.

కపిలతీర్థం రోడ్డు నుంచి:
కనపడింది! పక్క ఖాళీ స్థలంలో సిమెంటు రేకుల దొంతర కింద కళ్ళు మెరిసాయి, తెల్లమచ్చ కూడా చూశాను. మా ఆయన చెయ్యి పెడితే రక్తం వచ్చేలా గీరి ఇంకా లోపలికి పోయింది. రేకులు తీయించమంటారా?

కొర్లగుంట నుంచి:
తీయించొద్దు! రేకు జారి మీద పడినా పడుతుంది, తప్పించుకుంటే ఈసారి ఎటు పోతుందో చెప్పలేం. ముందు అన్న చెయ్యి ధారగా పారే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, ఈరోజే డాక్టరుకి చూపించండి. రేబిస్ సూది అవసరమా లేదా అన్నది ఆయన చెప్పాలి, మనం కాదు.

పిల్లి కోసం పొద్దు గూకాక అక్కడ బోను పెట్టండి. తలుపు దానంతట అదే పడే రకం, ఎలుకల బోను కాదు, పిల్లి పట్టేది. వెటర్నరీ ఆసుపత్రిలోనో జంతువులను కాపాడేవాళ్ళ దగ్గరో అడిగి చూడండి. అడుగున పాత తువ్వాలు పరిచి, వేయించిన నెత్తళ్ళు నాలుగు చివరంటా పెట్టండి. మీ ఇంటి ఓనరు శాకాహారి అయితే ఆయనకి ముందే ఒక మాట చెప్పుకోండి! మీరు కాస్త ఎడంగా కూర్చొని కనిపెట్టుకొని ఉండండి. తెల్లారితే బోను తీసేయాల్సిందే, ఎండలో ఇనుప బోను కాలిపోతుంది.

పడ్డాక అక్కడే తెరిచి ఎత్తుకోవద్దు. గుడ్డ కప్పి అలాగే ఇంట్లోకి తెచ్చి, తలుపులు కిటికీలు మూశాకే తెరవండి. గూటికి ఈసారి నైలాన్ వద్దు, వెల్డ్ మెష్ (తీగలు వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప జాలీ) వేయించండి, పైకప్పుతో సహా.