ఫీచర్లు క్రెటాకే ఎక్కువ, మరి ఎక్స్‌వన్‌కి పాతిక లక్షలు అదనంగా ఎందుకు?

కుందనహళ్లి గేట్:

పదకొండేళ్ల హ్యాచ్‌బ్యాక్ అమ్మేశాను. ఇంట్లో నలుగురం. రెండు నెలలకోసారి కర్నూలు ప్రయాణం, మిగతా రోజులు బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద పాకడం. ఇద్దరం ఉద్యోగస్తులమే కాబట్టి "కొనేది ఒక్కసారి, మంచిదే కొందాం" అనుకుని మొన్న శనివారం టాటా నెక్సాన్, హ్యుందాయ్ క్రెటా, బీఎండబ్ల్యూ ఎక్స్‌వన్, మూడూ ఒకే రోజు చూసొచ్చాం. ఉన్న స్పష్టత కూడా పోయింది.

ఆఫర్లు నెలకో రకంగా మారతాయి గనక విడుదలైనప్పటి ఎక్స్ షోరూమ్ ధరలే (రోడ్డు ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందువి) చెప్తున్నా. 2023 సెప్టెంబరు నెక్సాన్ 8 లక్షల 10 వేలతో మొదలు. 2024 జనవరి క్రెటా 11 నుంచి 20 లక్షల దాకా. 2023 జనవరిలో వచ్చిన ఎక్స్‌వన్ పెట్రోలు 45 లక్షల 90 వేలు.

ఇప్పుడు ఇంజన్లు చూడండి. 20 లక్షల క్రెటా టర్బోకి 1482 సీసీ, నాలుగు సిలిండర్లు, 160 పీఎస్ పవర్. ఎక్స్‌వన్ పెట్రోలుకి 1499 సీసీ, మూడు సిలిండర్లు, 136 పీఎస్. రెండింటికీ ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సే (డీసీటీ). క్రెటాలో వెంటిలేటెడ్ సీట్లు, 360 కెమెరా, పెద్ద సన్‌రూఫ్, బోస్ స్పీకర్లు, లెవెల్ 2 అడాస్ (అవసరమైతే తనే బ్రేకు వేసి, లేన్‌లో ఉంచే సాయం) అన్నీ ఉన్నాయి. ఎక్స్‌వన్‌లో వెంటిలేటెడ్ సీట్లు ఏవని అడిగితే సేల్స్ అబ్బాయి నవ్వి, "సార్, మసాజ్ ఉంది" అన్నాడు. మే నెలలో గుత్తి దాటుతుంటే వీపుకి కావాల్సింది మసాజా?

నా ప్రశ్న ఒక్కటే. ఆ పాతిక లక్షలకి బానెట్ మీది బొమ్మ కాకుండా ఇంకేం వస్తుంది? కొన్నవాళ్లు చెప్పండి.

జయనగర్ నాలుగో బ్లాక్:

బొమ్మే వస్తుంది గురూ. ఆ బొమ్మ కోసమే కొంటారు. అందులో తప్పేముంది? పట్టుచీర కొనేటప్పుడు మీటరుకి ఎన్ని పోగులని లెక్కపెడతామా?

ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ 1:

రెండేళ్లుగా ఎక్స్‌వన్ నడుపుతున్నాను. అంతకుముందు ఐదేళ్లు క్రెటా. కాబట్టి రెండిటి ఉప్పూ తిన్నవాణ్నే.

బ్రోషర్‌లో ఉన్నవి పోలిస్తే క్రెటానే గెలుస్తుంది, ఎప్పుడూ. తేడా అంతా బ్రోషర్‌లో ఎవరూ చదవని చోట ఉంది. క్రెటా వెనక చక్రాలు రెంటినీ కలుపుతూ ఒకే టార్షన్ బీమ్ ఉంటుంది. ఎక్స్‌వన్‌కి మల్టీలింక్, ఏ చక్రం కదలిక దానిదే. అంటే ఏమిటో తెలియాలంటే మా ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కండి. సిమెంటు అతుకుల మీద పాత బండి "టక్ టక్" మని వెనక సీటుదాకా కొట్టేది. ఇందులో చప్పుడు వినిపిస్తుంది కానీ నడుముకి తగలదు. చిక్కబళ్లాపురం దాటాక వంద మీద పోతుంటే అదాటుగా ట్రాక్టర్ అడ్డమొచ్చి బ్రేకు తొక్కాల్సి వచ్చింది ఒకసారి. బండి ముక్కు కిందికి దించకుండా నిటారుగా ఆగింది. వెనక పిల్లలు నిద్ర కూడా లేవలేదు. దానికి కట్టాను డబ్బు.

పీఎస్ లెక్క నిజమే. సిగ్నల్ దగ్గర క్రెటా టర్బోవాడు నన్ను దాటేస్తాడు. దాటనీ.

హొరమావు:

పైన అన్నగారు చెప్పింది కాదనను. కానీ ఆ వంద స్పీడు మీకు ఏడాదికి ఎన్ని రోజులు దొరుకుతుంది? నేను రోజూ హెబ్బాళ వైపు వెళ్తాను. అక్కడ ఏ సస్పెన్షనైనా ఒకటే, ఏదీ కదలదు కాబట్టి.

ఆడవాళ్లం నడిపే ఇళ్లలో ఇంకో లెక్క ఉంది. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో రెండు స్తంభాల మధ్య ఒక బండికి చోటు. ఎక్స్‌వన్ వెడల్పు 1845 మిల్లీమీటర్లు, క్రెటాది 1790. తేడా మూడు వేళ్లంతే. కానీ ఆ మూడు వేళ్లు సరిగ్గా నేను తలుపు తీసి ఒక కాలు బయటపెట్టే చోటే పోతాయి. పక్క స్లాట్‌లో ఖరీదైన బండి ఒకటుంది. ఆయన రోజూ డిక్కీ వైపు నుంచి చుట్టూ తిరిగి గీత పడిందా అని చూసుకుంటారు. ఆయన టెన్షన్ చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

ఆడిటర్ గారబ్బాయి:

అందరూ ఎక్స్ షోరూమ్ ధర మీదే కొట్టుకుంటున్నారు. కర్ణాటకలో అసలు దెబ్బ లైఫ్ ట్యాక్స్, అంటే బండి కొన్నప్పుడే ఒక్కసారి కట్టే రోడ్డు ట్యాక్స్. 5 నుంచి 10 లక్షల బండికి 14 శాతం, 10 దాటితే 17, 20 దాటితే 18. దాని మీద సెస్ వేరే.

కుందనహళ్లి సార్ చెప్పిన ధరలకే వేస్తున్నా. ఎక్స్‌వన్‌కి సెస్ కలపకుండానే 8 లక్షల 26 వేలు. నెక్సాన్ మొదలైన ధర 8 లక్షల 10 వేలు. అంటే మీరు ఎక్స్‌వన్‌కి కట్టే ట్యాక్స్‌తో ఒక బేస్ నెక్సాన్ వచ్చేస్తుంది, పైగా చిల్లర కూడా మిగులుతుంది. ఆ బేస్ నెక్సాన్‌లో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి జారకుండా పట్టే వ్యవస్థ) ఉన్నాయి.

ఒక వింత కూడా చూడండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఇంజన్ సీసీని బట్టే ఉంటుంది. 1000 నుంచి 1500 సీసీ దాకా కొత్త కారుకి మూడేళ్లకి 10,640 రూపాయలు. 1482, 1499 రెండూ అదే గీతలోపల. రూల్ రాసినాయన దృష్టిలో మీ క్రెటా, ఆయన ఎక్స్‌వన్ కవలపిల్లలు! ఓన్ డ్యామేజీ (మన బండికే దెబ్బ తగిలితే ఇచ్చే కవర్) దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ బంధుత్వం తెగిపోతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారాక నెక్సాన్, క్రెటా మధ్య దూరం ఇంకా పెరిగింది. 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు బండికి 29 శాతం కాస్తా 18 అయింది. 1500 సీసీ లోపు పెద్ద బండికి 45 నుంచి 40కి దిగింది. ముందు 16 శాతం తేడా, ఇప్పుడు 22. కంపెనీలు బండిని 3995 మిల్లీమీటర్ల దగ్గర ఎందుకు కోసేస్తాయో ఇప్పుడు అర్థమైందా? అన్నట్టు మారుతి బ్రెజా పొడవు 4 మీటర్ల లోపే అయినా ఇంజన్ 1462 సీసీ కావడంతో పెట్రోలుకి 40లోనే పడింది.

జేపీ నగర్ సెకండ్ హ్యాండ్:

మధ్యేమార్గం అని నేను ఆరేళ్ల పాత జర్మన్ ఎస్‌యూవీ కొన్నాను, కొత్త క్రెటా ధరకి. బ్రాండ్ అడక్కండి. మొదటి ఏడాది రాజభోగం. రెండో ఏడాది శ్రావణమాసంలో, సరిగ్గా వ్రతం రోజున, బనశంకరి సిగ్నల్ దగ్గర గేరు పడలేదు. ఎర్రలైటు వెలిగింది. గేర్‌బాక్స్‌లోని ఒక యూనిట్ మార్చాలన్నారు. లక్షా ఎనభై వేలు, పార్టు రావడానికి పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజులూ మా ఆవిడ స్కూటీ వెనక కూర్చుని ఆఫీసుకెళ్లాను. పాత బండి ధర పడిపోతుంది కానీ, దాని పార్టుల ధర కొత్తగానే ఉంటుంది.

ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ 1:

సెకండ్ హ్యాండ్ కష్టాన్ని కొత్త బండి ఖాతాలో రాయకండి సార్. సేఫ్టీ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఎక్స్‌వన్‌కి 2022లో యూరో ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు. అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో మన క్రెటాకి 3.

ఆడిటర్ గారబ్బాయి:

ఆ 3 పాత క్రెటాది, అదీ రెండు ఎయిర్‌బ్యాగుల బండిది. 2024 బండికి అన్ని వేరియంట్లలో ఆరు ఉన్నాయి, దానికి ఆ మార్కులు అంటగట్టకూడదు. పైగా యూరో ఎన్‌క్యాప్ గుద్దింది యూరప్‌లో అమ్మే బండిని. స్టార్లే కావాలంటే నెక్సాన్‌కి భారత్ ఎన్‌క్యాప్‌లో 5 ఉన్నాయి, సగం ధరకే. కాదు, సగం కూడా కాదు.

అనంతపురం అల్లుడు:

హైవే మీద పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ దాటినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది, మన ఉమ్మడి జిల్లాలో చేసిన సోనెట్ ఊసు ఎవరూ ఎత్తరేమని. సరే, వదిలేయండి. ఎక్స్‌వన్‌ని మాత్రం ఫారిన్ బండి అని మురిసిపోకండి. అది బిగించేదీ చెన్నై శివార్లలోనే, క్రెటా పుట్టేదీ అటువైపే.

నా మాట: అత్తారింటి ముందు పార్క్ చేయడానికైతే ఎక్స్‌వన్. అత్తారింటికి చేరడానికైతే ఏదైనా ఒకటే.

బెళ్లందూర్:

2022 సెప్టెంబరు వరదల్లో యమలూరు వైపు విల్లాల్లో కోట్ల కార్లు నీళ్లలో తేలాయి. ఏది కొన్నా ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ తీసుకోండి. అంతే.

కుందనహళ్లి గేట్:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. హొరమావు మేడమ్ మాటకి లేచి టేపు పట్టుకుని కిందికి వెళ్లింది. మా స్లాట్‌లో గోడకీ పైపుకీ మధ్య 2,310 మిల్లీమీటర్లు. ఎక్స్‌వన్ పెడితే రెండు వైపులా కలిపి మిగిలేది 465. తలుపు ఒకవైపే తెరుచుకున్నా చాలు అనుకుంటే దూరుతుంది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆమెని ఎప్పుడూ బయటే దింపాలన్నమాట.

ఫేజ్ 1 అన్నగారూ, మీరు చెప్పిన అతుకుల సంగతి మాత్రం నన్ను వదలట్లేదు. మొన్నటి టెస్ట్ డ్రైవ్‌లో రెండు బండ్లూ వైట్‌ఫీల్డ్ సందుల్లో ముప్పై మీదే తిప్పాం, ఏం తెలుస్తుంది? ఆదివారం పొద్దున ఆరింటికి క్రెటా టర్బోతో మీ ఫ్లైఓవర్ ఎక్కిస్తామని షోరూమ్ వాళ్లు ఒప్పుకున్నారు. ఎక్స్‌వన్ వాళ్లు పదింటికి ముందు తెరవరట. మీకు కుదిరితే ఆరింటికి టోల్ దగ్గర మీ బండి వెనక సీట్లో అమ్మని ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి తిప్పుతారా? కాఫీ నాది.

ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ 1:

రండి. ఆరింటికి కాదు, ఐదున్నరకి. ఆరు దాటితే లారీలు. అమ్మగారిని ముందు క్రెటాలో కూర్చోబెట్టండి, తర్వాత నా దాంట్లో. ఏ బండి ఏదో ఆవిడకి చెప్పకండి.