ఆటిజం ఉన్న మా బాబుతో తొలిసారి వారం రోజుల ప్రయాణం: ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా బాబుకు ఐదున్నర ఏళ్లు. మూడేళ్లు నిండకముందే ఆటిజం అని నిర్ధారించారు. మాటలు కొన్నే వచ్చు. ఏదైనా కావాలంటే మా చేయి పట్టుకొని అక్కడికి తీసుకెళ్లి చూపిస్తాడు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ రెండూ నడుస్తున్నాయి. ఇప్పటిదాకా వాడు మా ఇల్లు కాకుండా రాత్రి నిద్రపోయిన చోటు దేవరకొండలోని మా అమ్మగారిల్లు ఒక్కటే.

సంక్రాంతి తరువాత మా అత్తగారి వైపు వాళ్లంతా టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని తిరుపతి, కంచి, రామేశ్వరం, మధురై కలిపి ఎనిమిది రోజుల యాత్ర పెట్టుకున్నారు. మమ్మల్ని కూడా రమ్మంటున్నారు. తిరుమలలో బాబు తలనీలాల మొక్కు కూడా తీరిపోతుందని అత్తయ్య ఆశ. వాళ్ల ప్రేమలో లోపమేమీ లేదు. కానీ కుక్కర్ విజిల్ వస్తే వాడు రెండు చెవులు మూసుకొని వెనకగది గోడకు ఆనుకొని నిలబడతాడు. జుట్టు పెరిగితే వాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు నేనే కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరిస్తాను. తినేది పెరుగన్నం, వేయించిన ఆలుగడ్డ, ఒకే రకం బిస్కెట్లు. పడుకునే ముందు సీలింగ్ ఫ్యాన్ తిరగడం చూస్తూ ఉంటే తప్ప నిద్ర రాదు.

మా వారికి మాత్రం మేము ముగ్గురమే రైలులో విశాఖపట్నం వెళ్లి, వాడికి సముద్రం చూపించి రావాలని ఉన్నది. వాడికి నీళ్లంటే ప్రాణం. ఇంతకుముందు ఇలాంటి పిల్లలతో దూరప్రయాణం చేసినవారు, రెండింటిలో ఏది నయమో, ముందుగా ఏమేమి చూసుకోవాలో చెప్పగలరా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి ఒక తల్లి)

చెల్లెమ్మా, మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఆ యాత్ర ఈసారికి వద్దు. దేవుడి దగ్గరికి వెళ్లవద్దని కాదు, ప్రతి రాత్రి ఒక కొత్త గది, ప్రతి ఉదయం పెట్టె సర్దుకోవడం, బండిలో పదిమంది మాటలు, పాటలు, అందరికీ ఆకలి అయినప్పుడే బండి ఆగడం, ఇవన్నీ కలిసి మన పిల్లలకు రెండో రోజుకే భరించరానివి అవుతాయి. ఊరు ఎంత దూరమన్నది వీళ్లకు పెద్ద విషయం కాదు. ఎన్నిసార్లు చోటు మారుతున్నామన్నదే లెక్క. వారం రోజులూ ఒకే గదిలో ఉండగలిగితే విశాఖ వెళ్లండి. రెండో రోజుకు ఆ గది వాడికి తెలిసిన గది అవుతుంది, అప్పుడు బయట ఒక గంట తిరిగి వచ్చినా తిరిగి చేరుకునేందుకు ఒక చోటు ఉంటుంది.

గది తీసుకునేటప్పుడు వాళ్లు గొప్పగా చెప్పే సంగతులను పక్కన పెట్టి, మనకు కావలసినవి అడగండి. సీలింగ్ ఫ్యాన్ ఉందా, లేక ఏసీ మాత్రమేనా? ఇప్పుడు చాలా ఏసీ గదుల్లో ఫ్యాన్ ఉండటం లేదు, మీ వాడికి అదే పెద్ద ఇబ్బంది. లిఫ్ట్ పక్క గది, ఫంక్షన్ హాలు పైనున్న గది వద్దని చెప్పండి. అది పెళ్లిళ్ల కాలమైతే రాత్రి పన్నెండు దాకా బ్యాండు మోగుతుంది. పెరుగు, ఉడికిన అన్నం ఏ వేళకైనా ఇస్తారా అని కనుక్కోండి, లేదా చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్‌కు అనుమతి ఉందేమో అడగండి. వాడు తినే కంచం, వాడి దుప్పటి ఉతకకుండా అలాగే తీసుకెళ్లండి. ఆ వాసన కూడా ఇంటి వాసనే.

చూడవలసిన చోట్లను రోజుకు ఒకటికి మించనివ్వకండి. ఆర్కే బీచ్‌లోని సబ్‌మెరైన్ మ్యూజియం లోపల దారి చాలా ఇరుకు, వెనక్కి తిరిగి రావడం కష్టం. దాన్ని నేనైతే వదిలేస్తాను. అరకు రైలు మార్గంలో 50కి పైగా సొరంగాలు ఉన్నాయి, ప్రతిసారి బోగీ ఒక్కసారిగా చీకటై శబ్దం లోపలికి వస్తుంది, పైగా కొందరు ప్రయాణికులు కేకలు వేస్తారు. కొందరు పిల్లలకు అదే ఇష్టం కావచ్చు. మీ వాడికి కుక్కర్ విజిలే పడదంటున్నారు కాబట్టి మొదటిసారికి అరకు పెట్టుకోకండి.

జవాబు (మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి)

నేను రైలు సంగతులు మాత్రమే రాస్తాను. నల్లగొండ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణం కాబట్టి మంచిదే. తిరుపతికైతే నారాయణాద్రి ఉన్నది. నల్లగొండలో బండి ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. కనుక బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కొని, ఒకరు కేవలం బాబును ఎత్తుకొని ఎక్కాలి, సామాను మొత్తం ఇంకొకరి చేతిలో ఉండాలి. ఇద్దరూ సగం సగం పట్టుకుంటే తొందరలో బాబు చేయి వదిలేసే ప్రమాదం ఉంటుంది.

టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఐదేళ్లు దాటిన పిల్లవాడికి బెర్తు లేకుండా సగం ఛార్జీ సరిపోతుంది గానీ, మీరు పూర్తి ఛార్జీ కట్టి బెర్తు తీసుకోవడమే మేలు. రాత్రి తన చోటు తనకు ఉంటే నిద్ర పడుతుంది. వైకల్య ధ్రువపత్రంలో ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా నమోదై, తోడు లేకుండా ప్రయాణించలేరని ప్రభుత్వ వైద్యుడు రైల్వే వారి నమూనాలో ధ్రువీకరిస్తే, స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో 50 శాతం రాయితీ పిల్లవాడికీ, వెంట ఉన్న ఒకరికీ వర్తిస్తుంది. సదరం పత్రం (రాష్ట్ర ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) చేతిలో ఉన్నంత మాత్రాన కౌంటర్‌లో రాయితీ ఇవ్వరు. రైల్వే పత్రం వేరు, దాని ఆధారంగా రైల్వే ఇచ్చే గుర్తింపు కార్డు నంబరు ఉంటే ఇంటి నుంచే టికెట్ తీసుకోవచ్చు. ఇది పూర్తవడానికి వారాలు పడుతుంది, కనుక ఈ నెలలోనే మొదలుపెట్టండి.

బయలుదేరే ముందు ఒకసారి పగటి రైలులో మీరే మిర్యాలగూడ దాకా వచ్చి తిరిగి వెళ్లండి. రైలు మరుగుదొడ్డిలో నీళ్లు వదిలినప్పుడు వచ్చే శబ్దాన్ని తలుపు తెరిచి ఉంచి దూరం నుంచే వినిపించండి. మా వాడు ఆ ఒక్క శబ్దానికే రాత్రంతా మూత్రం బిగబట్టుకున్నాడు.

జవాబు (నాగర్‌కర్నూల్ జిల్లా, ప్రత్యేక ఉపాధ్యాయురాలు)

పైన రాసినవన్నీ మంచి సూచనలే. నేను అన్నిటికంటే ముందు రాయవలసినది నీళ్ల గురించి. బాబుకు నీళ్లంటే ప్రాణమని మీరు సంతోషంగా రాశారు, నాకు మాత్రం అక్కడే భయం వేసింది. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా పరుగెత్తి వెళ్లిపోవడం, నీటి వైపు ఆకర్షితులు కావడం చాలామందిలో కనిపిస్తుంది. పిలిస్తే ఆగరు, మునుగుతున్నా కేక వేయరు. విశాఖ తీరంలో అలలు లోపలికి లాగుతాయి. ఇసుక మీద ఉన్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరి చేయి బాబు మణికట్టు మీద ఉండాలి, ఆ సమయంలో ఆ మనిషి ఫోన్ తీయకూడదు, ఫొటోలు రెండోవారు తీయాలి. ఎవరి వంతు అన్నది నోటితో చెప్పుకొని మార్చుకోండి. ‘ఆమె చూస్తోందిలే’, ‘ఆయన చూస్తున్నాడులే’ అని ఇద్దరూ అనుకున్న నిమిషంలోనే పిల్లలు తప్పిపోతారు. ఈత కొలను ఉన్న హోటల్ తీసుకోవద్దు. గది తలుపు లోపలి గడియకు చిన్న మువ్వల తాడు కట్టుకోండి, రాత్రి తలుపు కదిలితే మీకు వినిపిస్తుంది. చొక్కా లోపలివైపు మీ ఇద్దరి ఫోన్ నంబర్లు, ‘ఆటిజం ఉంది, మాటలు రావు’ అన్న ముక్క తెలుగులోను, ఇంగ్లీషులోను కుట్టించండి. ఇవాళ వేసుకున్న బట్టలతో ప్రతి ఉదయం ఒక ఫొటో తీసి పెట్టుకోండి. రైలులో అవసరమైతే 139, పిల్లవాడు తప్పిపోతే 112 లేదా 1098.

ఇక సన్నద్ధత. నెల రోజుల ముందు నుంచి రోజూ పడుకునే వేళ ఫోన్‌లో చూపించడానికి ఒక ఫొటో వరుస చేసుకోండి: మన ఇల్లు, ఆటో, నల్లగొండ స్టేషన్, రైలు బెర్తు, హోటల్ గది, సముద్రం, మళ్లీ మన ఇల్లు. చివరి ఫొటో మరవకండి. ఇంటికి తిరిగి వస్తామన్న సంగతి తెలియకపోవడమే చాలామంది పిల్లల గాబరాకు మూలం. హోటల్ వాళ్లను అడిగి, మీరు ఉండబోయే గది ఫొటోనే తెప్పించుకోండి. చెవులకు పెట్టే ఇయర్ మఫ్‌లను ఇంట్లో, వాడికి నచ్చిన పని చేసేటప్పుడు రెండు నిమిషాల చొప్పున అలవాటు చేయండి. స్టేషన్‌లో తొలిసారి పెడితే విసిరికొడతాడు. నిద్రమందులు, వాంతుల మందులు ఎవరో చెప్పారని ఇవ్వకండి, పిల్లల వైద్యుడిని అడిగి మాత్రమే. ఫిట్స్ మందు వాడుతుంటే రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకోండి.

నాగార్జునసాగర్‌లో ఒక్క రాత్రి ఉండి చూడమని కూడా చెప్తాను. మీకు దగ్గరే. గేట్లు ఎత్తిన రోజులు, ఆదివారాలు కాకుండా మామూలు రోజున వెళ్లండి. వాడు కొత్త గదిలో ఎలా నిద్రపోతాడో అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగిన తల్లి

చాలా కృతజ్ఞతలు. నీళ్ల విషయం మేము ఇంతగా ఆలోచించలేదు. మువ్వల తాడు ఈ వారమే కడుతున్నాను, ఇంట్లో కూడా పనికి వస్తుంది. ఇక మిగిలిన చిక్కు ఒక్కటే: అత్తయ్యకు ఎలా చెప్పాలి? ‘పిల్లవాడిని నలుగురిలోకి తేకపోతే ఇంకా మొండి అవుతాడు’ అంటారు.

జవాబు (సూర్యాపేట నుంచి ఒక తాత)

అమ్మా, మా మనవడు కూడా ఇలాంటివాడే, కనుక మీ అత్తగారి వైపు నుంచి రెండు మాటలు రాస్తాను. ఆమె అన్నదాంట్లో కొంత నిజం ఉన్నది. నలుగురికీ దూరంగా పెంచడం మంచిది కాదు. అయితే నలుగురిలోకి తేవడమంటే టెంపోలో ఎనిమిది రోజులు కూర్చోబెట్టడం కాదు కదా. నేనైతే ఆమెను విశాఖకు రమ్మని పిలుస్తాను. యాత్ర నుంచి తిరిగి వచ్చి విశ్రాంతి తీసుకున్నాక మీతో రెండు మూడు రోజులు ఉండమనండి. మనవడు రైలు కిటికీ దగ్గర ఎలా కూర్చుంటాడో, ఎక్కడ చెవులు మూసుకుంటాడో కళ్లారా చూసిన తరువాత ఆమే మీ తరఫున మిగతావాళ్లకు చెప్తుంది. మాతో పాటు మా వియ్యపురాలు వచ్చినప్పుడు అదే జరిగింది. డాక్టరు కాగితం చూపించి వాదించడం వల్ల మా ఇంట్లో ఏమీ ఒరగలేదు.

తలనీలాల మొక్కును ఈ ప్రయాణానికి ముడిపెట్టకండి. కల్యాణకట్టలో జనం, తల మీద చన్నీళ్లు, కత్తి గీరే చప్పుడు, నిద్రలో తప్ప కత్తెర పడనివ్వని పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు. స్త్రీలు మూడు కత్తెరలు ఇచ్చి మొక్కు తీర్చుకోవడం అందరికీ తెలిసినదే. మా ఇంట్లో పెద్దవాళ్లం కూర్చొని మనవడికి కూడా అలాగే చేద్దామని నిర్ణయించుకున్నాం. ముందు ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు ఒక కొస వెంట్రుకను కత్తిరించనివ్వడం అలవాటు కానివ్వండి. స్వామి ఎక్కడికీ పోడు, ఏడాది ఆగుతాడు.

ప్రశ్న అడిగిన తల్లి

బాబాయ్ గారూ, మీ మాట మా వారికి చదివి వినిపించాను. అత్తయ్య యాత్ర నుంచి వచ్చిన వారం తరువాత, ఫిబ్రవరిలో, మామూలు రోజులు చూసి విశాఖకు టికెట్లు తీసుకుందామనుకుంటున్నాము. సాగర్‌కు వచ్చే బుధవారం వెళ్తున్నాము. హోటల్‌కు ఫోన్ చేసి ఫ్యాన్ సంగతి అడిగితే, ఆ అబ్బాయి ఏసీ పనిచేయదేమోనని మాకు అనుమానం వచ్చిందనుకొని, ‘కొత్త ఏసీ మేడం’ అని నాకు నచ్చజెప్పాడు. రెండోసారి అడిగి గది ఫొటో తెప్పించుకున్నాను. ఫ్యాన్ ఉన్నది, మూడు రెక్కలది, తెల్లనిది.