ఆన్‌లైన్ ఫాంటసీ క్విజ్: సరైన జవాబు టీమ్‌లోనే ఉంటోంది, ఫారమ్‌లోకి మాత్రం వెళ్లట్లేదు. ఏం చేయాలి?

బెజవాడ రీడర్ (సందేహం):
అందరికీ నమస్కారం. వచ్చే నెల ఫాంటసీ సాహిత్యం మీద ఒక ఆన్‌లైన్ క్విజ్ ఉంది. మాది నలుగురి టీమ్. హైదరాబాద్‌లో మా పెదనాన్నగారి అబ్బాయి (ఆయనే కెప్టెన్), విజయవాడలో నేను, డిగ్రీ చదివే మా చెల్లి, డాలస్‌లో అక్క. నలుగురం పుస్తకాల పురుగులమే. అయినా ప్రతిసారీ మధ్యలో ఎక్కడో ఆగిపోతున్నాం. కిందటిసారి ఒక ప్రశ్న వచ్చింది. టోల్కీన్ "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" నవలలో గాయపడ్డ ఫ్రోడోను తన గుర్రం ఎక్కించి నది దాటించడానికి పంపిన ఎల్ఫ్ ఎవరు అని. చెల్లి వాట్సాప్‌లో "గ్లోర్‌ఫిండెల్" అని పెట్టింది. ఆ లోపు అక్క, నేను ఇంకేవో పెట్టాం, అది పైకి పోయింది. అన్నయ్య "ఆర్వెన్" అని లాక్ చేసేశాడు. సినిమాలో ఆర్వెనే మరి. ఇలాంటివి ఒక్కటి కాదు. ఇంకా పుస్తకాలు చదవాలా, లేక ఆడే పద్ధతి మార్చుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బజర్ బాబాయ్:
చదివింది చాలమ్మా. మీ దగ్గర లోపం కబురు చేరేయడంలో ఉంది. ముందుగా వాట్సాప్‌లో జవాబులు టైప్ చేయడం మానేయండి. ముప్ఫై సెకన్ల ప్రశ్నకి నలుగురు టైప్ చేస్తుంటే చదివేదెవరు? క్విజ్ లాప్‌టాప్‌లో నడుస్తుంటే, ఫోన్‌లో మీ నలుగురికీ వేరే వాయిస్ కాల్ పెట్టుకోండి. ఒక చెవికి ఫోన్ ఇయర్‌ఫోన్, రెండో చెవితో క్విజ్ మాస్టర్ మాట. క్విజ్ జరిగే మీటింగ్‌లో మాత్రం కెప్టెన్ తప్ప మిగతా ముగ్గురి మైకులూ మొదటి నుంచి చివరిదాకా మ్యూట్‌లోనే ఉండాలి. మన కాల్ అనుకుని మీటింగ్ మైకులో జవాబు అరిచేసి పక్క టీములకి పది మార్కులు దానం చేసినవాళ్లని కళ్లారా చూశాను.

ఇక అసలు సంగతి. జవాబు చెప్పేటప్పుడు "నాకు పక్కాగా తెలుసు", "తొంభై శాతం" అనే మాటలు పనికిరావు. సినిమా చూసినవాడికి సినిమా మీద నూరు శాతం నమ్మకం ఉంటుంది, ప్రశ్నేమో పుస్తకం గురించి. కాబట్టి ఎంత నమ్మకమో కాదు, ఎక్కడ చూశారో చెప్పాలి. మీ చెల్లి "గ్లోర్‌ఫిండెల్, పుస్తకంలో, గుర్రం పేరు అస్ఫలోత్" అని ఉంటే మీ అన్నయ్య ఆర్వెన్ జోలికి వెళ్లేవాడా?

ఇంకో ఉదాహరణ. బామ్ రాసిన ఓజ్ కథలో డొరొతీ వేసుకున్న మాయ చెప్పులు ఏ రంగు? ముగ్గురు ఒకేసారి "ఎరుపు" అంటారు, ఒకరు నసుగుతూ "వెండివి అనుకుంటా" అంటారు. ఓట్లేస్తే ఎరుపే గెలుస్తుంది. 1900లో వచ్చిన పుస్తకంలో అవి వెండి చెప్పులు. 1939 సినిమాకి రంగుల తెర మీద బాగా కనపడాలని కెంపు రంగువి చేశారు. కెప్టెన్ అడగాల్సింది ఒక్కటే: "ఎక్కడ చూశావ్?" ముగ్గురూ "సినిమా" అన్నారంటే అది మూడు ఓట్లు కాదు, ఒకే ఓటు. హ్యారీ పాటర్‌లో గిల్లీవీడ్ (నీళ్లలో ఊపిరి ఆడేలా చేసే మొక్క) హ్యారీకి ఎవరిచ్చారన్నదీ ఇంతే. పుస్తకంలో డాబీ, సినిమాలో నెవిల్. ఫాంటసీ క్విజ్‌లు పెట్టేవాళ్లకి ఇలాంటి ప్రశ్నలంటే ప్రాణం, సెట్ చేయడం తేలిక కాబట్టి.

బెజవాడ రీడర్:
బాబాయ్, వాయిస్ కాల్ సంగతి బాగుంది, ఈరోజే చెప్తాను. కానీ ఇంకో ఇబ్బంది. అన్నయ్య మా అందరికన్నా పెద్దవాడు, చిన్నప్పుడు మాకు లెక్కలు చెప్పినవాడు. ఆయన నోట ఒక పేరు వచ్చాక చెల్లి ఇక నోరు తెరవదు. నేనూ అంతే అనుకోండి. కెప్టెన్సీ మార్చమని అడగలేం, బాధపడతాడు.

పాత చందమామ:
మార్చక్కర్లేదు తల్లీ. వరస మార్చండి చాలు. మా టీమ్‌లో మామయ్యగారితో ఇదే సమస్య వచ్చింది. ప్రశ్న పడగానే అందరికన్నా చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, కెప్టెన్ చివర. మీ చెల్లి, నువ్వు, అక్క, ఆ తర్వాత అన్నయ్య. ఆయన గౌరవానికి ఏ లోటూ రాదు, పైగా తీర్పు చెప్పే కుర్చీ ఆయనదేగా. "అన్నయ్యా, నువ్వు ముందే చెప్పేస్తే మేం ఆలోచించడం మానేస్తున్నాం, చివర్లో చెప్పు" అని అక్క చేత అడిగించు. పెద్దవాళ్లకి అది పొగడ్తలానే వినపడుతుంది.

తెలియకపోతే "పాస్" అని వెంటనే అనేయాలి. మౌనంగా ఉంటే ఆలోచిస్తున్నారో, నెట్ పోయిందో అవతలి వాళ్లకి తెలిసి చావదు.

నైట్ షిఫ్ట్ తమ్ముడు:
ఇవన్నీ సరే గానీ, రచయితల్ని పంచుకోండి ముందు. ఒకరికి టోల్కీన్, ఒకరికి రౌలింగ్, ఒకరికి మార్టిన్, ఒకరికి ప్రాచెట్. మేం అలాగే చేస్తాం. ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలలే 41 ఉన్నాయి, అందరూ అన్నీ ఎక్కడ చదువుతారు?

బజర్ బాబాయ్:
చదవడానికి పంచుకో తమ్ముడూ, తప్పులేదు. ఆడేటప్పుడు మాత్రం ఆ గోడలు ఉండకూడదు. ఈ ప్రశ్న చూడు. "ఈమె తండ్రి పేరున్న మానవశాస్త్రవేత్త. ఆయన ఇంటిపేరు ఈమె పేరు మధ్యలో ఒక్క అక్షరంగా మిగిలింది. ఈమె 1968 నవలలో ఒక కుర్రాడు మంత్రాలు నేర్పే బడికి వెళ్తాడు. ఎవరీమె?" మంత్రాల బడి అనగానే మీ రౌలింగ్ స్పెషలిస్టు ఎగిరి గంతేస్తాడు. మధ్యలో కె కూడా ఉంది మరి. మిగతా ముగ్గురూ తమ సబ్జెక్టు కాదని చేతులు కట్టుకుంటారు. 1965లో పుట్టిన రౌలింగ్ 1968లో పసిపిల్ల అని ఒక్కరికి తట్టినా గండం గడుస్తుంది. జవాబు అర్సులా కె. లె గ్విన్, తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్. వర్కౌట్ చేయాల్సిన ప్రశ్నలో నలుగురి దగ్గరా తలో ముక్క ఉంటుంది.

అందుకే రచయితలకన్నా పనులు పంచుకోవడం మేలంటాను. ఒకరు ప్రశ్నలోని ఏళ్లు, అంకెలు మాత్రమే పట్టుకుని, వచ్చిన ప్రతి జవాబునీ కొట్టేయడానికి చూడాలి. ఇది కాస్త మొండివాళ్లకి ఇవ్వండి. ఒకరు ప్రశ్నని ఫొటో తీసి పెట్టుకోవాలి, స్లైడ్ మారిపోతే మళ్లీ కనపడదు. మిగతా ఇద్దరూ పేర్లు విసురుతూ ఉండాలి.

నైట్ షిఫ్ట్ తమ్ముడు:
ఏమో, మాకు పంపకంతోనే బాగా కలిసొచ్చింది. కనెక్ట్ రౌండ్‌లో (వేర్వేరు ముక్కల్ని కలిపే లంకె కనిపెట్టేది) తన్నేస్తుందన్నది మాత్రం నిజమే.

బెజవాడ రీడర్:
పౌన్స్ గురించి కూడా చెప్పరూ? మేం భయపడి అసలు వాడం.

బజర్ బాబాయ్:
పౌన్స్ అంటే ప్రశ్న వరసలో మీ దాకా రాకముందే క్విజ్ మాస్టర్‌కి విడిగా జవాబు పంపేయడం. ఒప్పయితే మార్కులు, తప్పయితే కోత. ఒప్పుకి 10, తప్పుకి 5 కోత అయితే, మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ అవకాశం ఉన్నప్పుడు పంపినా దీర్ఘకాలంలో నష్టం లేదు. 10కి 10 కోత అయితే సగానికి పైగా అవకాశం ఉండాలి. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. ప్రశ్న మీ వైపే మొదలైతే, లేదా మీకు ముందు ఒకటి రెండు బలహీనమైన టీములే ఉంటే, ఆగడమే లాభం. బౌన్స్‌లో, అంటే ప్రశ్న ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కి వరసగా వచ్చేటప్పుడు, చాలాచోట్ల కోత ఉండదు. తేలిక ప్రశ్న, మీ వంతు దూరం, అప్పుడు దూకండి. ఈ లెక్క కూడా ఒక్కరే చూసుకోవాలి. పౌన్స్ పంపేది కెప్టెనే. ఇద్దరు రెండు జవాబులు పంపితే చాలామంది క్విజ్ మాస్టర్లు మొదటిదే తీసుకుంటారు. గూగుల్ ఫారమ్ రౌండ్‌లో కూడా ఒక్క చెయ్యే సబ్మిట్ నొక్కాలి.

పాత చందమామ:
నాదో చిన్న మాట. మనవాళ్లు ఫాంటసీ అనగానే ఇంగ్లిష్ పుస్తకాలే తిరగేస్తారు. ఇక్కడి క్విజ్ మాస్టర్లు మన సరుకు తప్పకుండా ఒకటి రెండు పెడతారు. గుణాఢ్యుడి బృహత్కథ పైశాచీ భాషలో అంటారు, దాని ఆధారంగా సోమదేవుడు 11వ శతాబ్దంలో కథాసరిత్సాగరం రాశాడు. పింగళి సూరన కళాపూర్ణోదయం ఉంది. దేవకీనందన్ ఖత్రీ చంద్రకాంత హిందీలో 1888లో వచ్చింది. ఇక చందమామ 1947 జులైలో మొదలైంది. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు ఆయన పేరు లేకుండానే అచ్చయ్యేవి. మొదటిది తోకచుక్క, 1954. టోల్కీన్ ఉంగరాల కథ మొదటి రెండు సంపుటాలు ఇంగ్లండ్‌లో వచ్చిందీ ఆ ఏడాదే. ఈ రెండూ కలిపి ఎవరైనా ప్రశ్న చేస్తే ఎంత బాగుంటుందో. మీ ఇంట్లో అమ్మావాళ్లని ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడగండి, పుస్తకాల్లో దొరకనివి కూడా వాళ్లు చెప్తారు.

డాలస్ కోడలు:
అక్క డాలస్‌లో ఉందన్నారు కాబట్టి చెప్తున్నా. ఇండియాలో ఆదివారం సాయంత్రం 7 అంటే వేసవిలో మాకు పొద్దున 8:30. నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి జరిగాక 7:30. క్విజ్ నవంబర్లో అయితే ఫోన్ చేసి మరీ గుర్తు చేయండి, వాట్సాప్ మెసేజ్ నిద్రలో చూసుకోం. ఇంకొకటి, అభ్యంతరం చెప్పాల్సి వస్తే నలుగురూ మీద పడొద్దు. సి.ఎస్. లూయిస్ నార్నియా సిరీస్‌లో రెండో పుస్తకం ఏది అంటే, అచ్చయిన వరసలో ఒకటి, కథ వరసలో ఇంకొకటి. అలాంటిది వచ్చినప్పుడు "ఏ వరస ప్రకారం అండీ?" అని ముందే ఒకరు మర్యాదగా అడిగితే సరి. జవాబు చెప్పేశాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

బెజవాడ రీడర్:
అందరికీ థాంక్యూ. అన్నయ్యతో మాట్లాడే పని అక్కకే అప్పగించా. ఈ శనివారం రాత్రి వాయిస్ కాల్‌లో ఒక మాక్ (సాధన కోసం ఆడే క్విజ్) పెట్టుకుంటున్నాం. చెల్లి ముందు మాట్లాడుతుంది, అంకెలు పట్టుకునే పని నాది. బజర్ బాబాయ్, ఇరవై ప్రశ్నలు సెట్ చేసి పెట్టగలరా? సినిమాకీ పుస్తకానికీ తేడా ఉండేవి ఎక్కువ వేయండి.

బజర్ బాబాయ్:
శుక్రవారం సాయంత్రానికి పంపిస్తా. జవాబుల ఫైలు విడిగా అక్కకి పంపుతా, మాక్‌లో ఆమె క్విజ్ మాస్టర్‌గా ఉంటుంది. మీ ముగ్గురూ ఆడండి.